సిసి చూసి కాదు, బాట చూసి బండి కొనాలి

దేవరకొండ, అచ్చంపేట ప్రాంతాల్లో తారు రోడ్డు దిగితే రాళ్ల బాటలు, వాగు ఇసుక, గుట్ట ఎక్కుళ్లు. చెలకకు పోవాలంటే చాలామందికి మోటారు సైకిలే ఆధారం. అయితే ఇంజను పెద్దదైతే అంత మేలనుకొని వాయిదాల మీద బండి తెచ్చుకోవడం సరికాదు. బాట, బరువు, నడిపే మనిషి - ఈ మూడూ చూడాలి.

టీవీఎస్ ఎక్సెల్ 100 ఇంజను 99.7 సిసి, హీరో స్ప్లెండర్‌ది 97.2 సిసి. సైజు దాదాపు సమానమే. కాని మొదటిది ఇచ్చేది నాలుగు హార్స్‌పవర్ పైచిలుకు, రెండోది సుమారు ఎనిమిది. చదునైన బాటలో ముందు బస్తా పెట్టుకొని పోవడానికి మొదటిది వీలు. గుట్ట ఎక్కడానికి నాలుగు గేర్ల రెండోది నయం.

350 సిసి బుల్లెట్ బరువు 190 కిలోల పైమాటే. ఇసుకలో దిగబడితే ఒక్కడితో లేవదు. కాలు దించకుండా బండలు ఎక్కించే ట్రయల్స్ పందేల్లో ఆరితేరినవారి బండ్లు సైతం 300 సిసి దాటడం అరుదు, బరువు 70 కిలోల ప్రాంతమే. కొత్తవారిలో కొందరు 125 సిసితో మొదలుపెడతారు.

కొడుకు ముచ్చటపడ్డాడని తాళంచెవి ఇచ్చే తండ్రులు చట్టాన్నీ గమనించాలి. లైసెన్సు ఉన్నా 16 ఏండ్లవారికి 50 సిసి వరకే అనుమతి. అంతకు మించితే 18 నిండాలి. 2019 సవరణ ప్రకారం, లైసెన్సు లేని మైనరు బండి నడిపితే తండ్రికి మూడేండ్ల వరకు జైలు, రూ. 25,000 జరిమానా పడవచ్చు.

అదే బండి ఉన్న పొరుగు రైతును అడిగి, వీలైతే చెలక దాకా నడిపి చూసి, ఆ తరువాతే బయానా ఇవ్వడం మంచిది.