గౌరవం సరే, ఆఖరి బస్సు సంగతేమిటి?

ముప్పై ఏళ్ళుగా కర్నూలు, కడప జిల్లాల బస్సుల్లో తిరుగుతున్నాను. సంఘం పని అంటేనే తిరుగుడు. ఇన్నేళ్ళలో నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు చదివిన వాక్యం ఏ పుస్తకంలోదీ కాదు. బస్సులో రాసి ఉండేదే: 'స్త్రీలను గౌరవించడం మన సంప్రదాయం'. ఆ అక్షరాల కిందే, స్త్రీల సీట్లో, ఒక పెద్దమనిషి కాళ్ళు చాపుకుని పేపరు చదువుకుంటూ ఉంటాడు. లెమ్మంటే, "ఇంత రద్దీలో నన్ను యాడికి పొమ్మంటావమ్మా?" అంటాడు. గౌరవం ఇచ్చేవాడి ఇష్టం కదా! ఇస్తే తీసుకోవాలి, ఇవ్వకపోతే నిలబడాలి. అక్కడ 'ఇది స్త్రీల హక్కు' అని రాసి ఉంటే ఆయన లేచేవాడో లేదో గానీ, అడిగే నా గొంతు మాత్రం ఇంకోరకంగా ఉండేది.

ఈ పాత సంగతి ఇప్పుడెందుకంటే, 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో 'స్త్రీశక్తి' పథకం మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో బాలికలకు, స్త్రీలకు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు సున్నా టికెట్టు. ఢిల్లీలో 2019లో, తమిళనాడులో 2021లో, కర్ణాటకలోనూ తెలంగాణలోనూ 2023లో ఇటువంటివి వచ్చాయి. మనకు ఆలస్యంగా వచ్చినా, వచ్చింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళతో నాకు పేచీ ఉంది. దానితోనే అంతా అయిపోయిందనేవాళ్ళతో అంతకన్నా పెద్ద పేచీ ఉంది.

మొదటి పేచీ ముందు తేల్చుకుందాం. కర్నూలు నుంచి నంద్యాలకు పోతుంటే వెనక సీట్లో ఒకాయన గట్టిగా అంటున్నాడు: "వీళ్ళకు పనీపాటా లేదు. ఊరికే వచ్చింది కదా అని ఊరికే తిరుగుతాండారు." ఆ బస్సులో ఎవరున్నారో చూశాను. బిడ్డను ఆసుపత్రిలో చూపించుకుని వస్తున్న తల్లి. కూరగాయలు అమ్ముకుని ఖాళీ గంపలతో తిరిగిపోతున్న ఇద్దరు. కాలేజీ పిల్లలు. అమ్మగారి ఇంటికి పోతున్న ఒక ముసలామె. ఆమె నాతో అంది: "మా యమ్మను చూసి రెండేండ్లాయ తల్లీ. చార్జీకి కొడుకును అడగల్ల. అడిగితే యాలని అంటాడు. ఇప్పుడు అడిగే పని లేకపాయె." ఆయన లెక్క ప్రకారం ఈమెది 'ఊరికే తిరగడం'. మగవాడు సాయంత్రం బండేసుకుని సెంటర్‌కు పోయి, టీ తాగి, రెండు గంటలు నిలబడి వస్తే దాన్ని ఎవరూ తిరగడం అనరు. భారత రాజ్యాంగం 19వ అధికరణం పౌరులందరికీ దేశమంతటా సంచరించే స్వేచ్ఛ ఇచ్చింది. పని ఉంటేనే సంచరించాలని అందులో రాయలేదు.

'ఉచితం' అన్న మాట కూడా నాకు నచ్చదు. ప్రజల డబ్బుతో వేసిన రోడ్డు మీద మోటారు సైకిలు నడిపేవాణ్ణి 'ఉచిత రోడ్డు లబ్ధిదారుడు' అని ఎవరైనా అన్నారా? బండీ లేక, ఉన్నా తాళం చెవి మగవాడి జేబులో ఉండి, బస్సు మీదే ఆధారపడినవాళ్ళు స్త్రీలు. ఇంట్లోనూ పొలంలోనూ జీతం లేకుండా చేసే పనికి లెక్క కట్టని సమాజం బస్సు టికెట్టుకు మాత్రం లెక్క కడుతుంది.

ఇక రెండో పేచీ. టికెట్టు సరే, బస్సేదీ?

పత్తికొండ వైపు పల్లె నుంచి ఒక చెల్లెలు మా దగ్గరకు వస్తుండేది. భర్త కొట్టి తరిమేస్తే మనోవర్తి కేసు వేసింది. ఊరికి బస్సు లేదు. రోడ్డు దాకా ఆటోకు ఇచ్చుకోవాలి. ఆటో నిండేదాకా కదలదు. అది నిండేసరికి రోడ్డు మీద బస్సు వెళ్ళిపోతుంది. రెండు వాయిదాలకు ఆమె చేరేసరికే పిలుపు అయిపోయింది. మూడోసారి ముందురోజే వచ్చి బస్టాండులో పడుకుంది. ఆ సంగతి ఊళ్ళో తెలిసి, రాత్రంతా ఎక్కడుందో అని అత్తవారు కథలు కట్టారు. చివరికి ఏమీ తీసుకోకుండా రాజీ కాగితం మీద వేలిముద్ర వేసింది. 2005లో గృహహింస చట్టం వచ్చినప్పుడు మనం ఊరూరా తిరిగి చెప్పాం. చట్టం ఉన్న చోటుకు చేరడానికి ఆమెకు దారి ఉందా అని మనం అడగలేదు. బస్సు రాని ఊళ్ళో సున్నా టికెట్టు విలువ సున్నానే.

పట్నాల్లో మేలా అంటే, అదీ లేదు. 1953 అక్టోబరు 1 నుంచి మూడేళ్ళు కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. ఆ కాలంలో ఉద్యోగుల కోసం వెలసిన ఏ, బి, సి క్యాంపుల పేర్లు ఇంకా మన నోళ్ళలో ఉన్నాయి. ఊరు అప్పటికన్నా ఎన్నో రెట్లు పెరిగింది. రాత్రి తొమ్మిదికి బట్టల షాపు షట్టరు దించాక, పొద్దున్నుంచీ నిలబడ్డ కాళ్ళతో బయటికొచ్చే అమ్మాయి రాజ్‌విహార్ దగ్గర దేనికోసం ఎదురుచూస్తుంది? షేర్ ఆటో కోసం. వెనక చోటు లేకపోతే డ్రైవరు పక్కన ఒదిగి కూర్చోవాలి. వద్దనుకుంటే నడవాలి. కడపలో ఏడురోడ్ల దగ్గరా ఇదే దృశ్యం. ఊరి బయట ఉన్న ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీ ఆయాలను అడగండి, జీతంలో ఆటోకు ఎంత పోతుందో చెబుతారు.

2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం యజమాని ఏర్పాటుచేసిన వాహనాన్ని కూడా పనిచోటుగానే లెక్కిస్తుంది. మంచిదే. యజమాని ఏ వాహనమూ పెట్టకపోతే? అప్పుడా దారి ఎవరి బాధ్యతా కాదు. 2025లో రాష్ట్ర ప్రభుత్వం రోజు పనిగంటల పరిమితిని పదికి పెంచాలనీ, స్త్రీలను వారి సమ్మతితో రాత్రి షిఫ్టుల్లోకి అనుమతించాలనీ నిర్ణయించింది. రవాణా ఏర్పాటు ఉండాలని షరతు పెట్టింది. పెద్ద కంపెనీ వ్యాను పెడుతుందేమో. నలుగురు ఆడపిల్లలతో నడిచే షాపు పెడుతుందా? అక్కడికి వెళ్ళి అడిగేదెవరు?

మా కర్నూలులో ఇంకో విచిత్రం. తుంగభద్ర అవతల అలంపూర్ వైపు తెలంగాణ. అక్కడ 'మహాలక్ష్మి' పథకం, ఇక్కడ 'స్త్రీశక్తి'. నదికి అటూ ఉచితం, ఇటూ ఉచితం. మన పథకం అంతర్రాష్ట్ర సర్వీసులకు వర్తించదు, వాళ్ళది వాళ్ళ సరిహద్దు దాకానే. వైద్యానికీ కూలికీ రోజూ వంతెన దాటే ఆడవాళ్ళకు రెండు ప్రభుత్వాలూ దయతలచి నడుమ టికెట్టు మిగిల్చాయి. ఇక కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి గుంటూరు మిరప చేలకు సుగ్గికి పోయే కుటుంబాల మాట! వానలు లేక, చేలు ఎండి, పిల్లలనూ వంటసామానునూ వేసుకుని లారీల్లో, ట్రాలీల్లో పోతారు. వాళ్ళ ఊరి నుంచి వాళ్ళ పని ఉన్నచోటికి, మూటాముల్లెతో సహా ఎక్కించుకునే బస్సును ఏ పథకమూ ఊహించలేదు.

ఆటో డ్రైవర్లతో మనకు తగువు పెట్టాలని చూసేవాళ్ళూ ఉన్నారు. ఉచిత బస్సు తమ పొట్ట కొట్టిందని వాళ్ళు రోడ్డెక్కితే, 2025 అక్టోబరు 4న ప్రభుత్వం 'ఆటో డ్రైవర్ల సేవలో' పేరుతో ఏడాదికి 15,000 రూపాయల సాయం మొదలుపెట్టింది. ఇవ్వనివ్వండి. ఫైనాన్సు కిస్తీల మధ్య నలిగే ఆ డ్రైవరు భార్య కూడా మన సంఘంలోనే ఉంది. మన తగువు ఆయనతో కాదు. బస్సు నడపాల్సిన చోట బస్సు నడపకుండా, ఆయన్నూ మననూ ఒకరిమీదికొకరిని వదిలిన విధానంతో. సున్నా టికెట్లు కొట్టలేక, తోపులాట మధ్య తిట్లు తింటున్న మహిళా కండక్టరు కూడా మన మనిషే.

తప్పు మనలోనూ ఉంది. ఇన్నేళ్ళలో మన మీటింగులన్నీ మూడున్నరకల్లా ముగిసేవి. "అక్కా, బస్సు పోతాది" అంటూ సగంమంది లేచిపోయేవారు. తీర్మానాలు ఖాళీ కుర్చీల మధ్య చదివాం. వాళ్ళకు చైతన్యం తక్కువని నేనూ విసుక్కున్నాను. ఆ లేచిపోవడమే ఒక తీర్మానమని నాకు తట్టలేదు. 1992లో సారా వేలంపాటలను ఆపిన స్త్రీలు ఎవరి అనుమతీ అడగలేదు. అమెరికాలోని మాంట్‌గోమరీలో 1955 డిసెంబరులో నల్లజాతి ప్రజలు బస్సులు ఎక్కడం మానేసి 381 రోజులు నడిచారు. ఆ పిలుపు కరపత్రాలను రాత్రికి రాత్రి అచ్చువేసి పంచింది ఒక మహిళా సంఘం. నడిచినవారిలో ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు ఎందరో. బస్సు చిన్న విషయం అని వాళ్ళనుకోలేదు.

అందుకే ప్రతి మండలంలోనూ మన సంఘాలు ఈ మూడు నెలల్లో ఒక పని చేయాలి. ఏ ఊరికి బస్సు వస్తుంది, ఎన్నిసార్లు, మొదటిది ఎప్పుడు, ఆఖరిది ఎప్పుడు, ఆగేచోట నీడ, దీపం, మరుగుదొడ్డి ఉన్నాయా అని మనమే రాసుకోవాలి. షాపులు మూసే వేళ ఏమిటో, ఆసుపత్రి డ్యూటీ మారే వేళ ఏమిటో దాని పక్కన రాయాలి. ఆ కాగితం పట్టుకుని డిపో మేనేజరు దగ్గరకు, కలెక్టరు గ్రీవెన్సుకు పోదాం. ఆ వేళలకు బస్సు వేయమని అడుగుదాం. నది దాటే బస్సుకు రెండు రాష్ట్రాలూ కలిసి ఒప్పందం చేసుకోవాలని అడుగుదాం.

గ్రీవెన్సు సోమవారం. ఉదయం ఎనిమిది బస్సుకు బయల్దేరదాం. సాయంత్రం తిరిగిరావడానికి బస్సు లేకపోతే, అక్కడే కూర్చుందాం.