సీటు దొరికింది, గది ఏదీ?

జగ్గయ్యపేట, నందిగామల నుంచి విజయవాడకో, నాగార్జున విశ్వవిద్యాలయానికో వెళ్లే మన పిల్లలకు 2007 నాటి బీసీ-ఇ చట్టం 4 శాతం రిజర్వేషన్‌తో సీటు చూపింది, గది చూపలేదు. పేరు వినగానే ‘ఇప్పుడే ఇచ్చేశాం’ అంటారు ఇంటి యజమానులు. రాజ్యాంగంలోని 15(2) అధికరణం దుకాణాలు, హోటళ్లు, బావులు, రోడ్ల దగ్గర వివక్షను నిషేధించింది. అద్దె ఇంటి ఊసెత్తలేదు.

గది దొరకకుంటే కొడుకు రోజూ బస్సెక్కుతాడు. కూతురి చదువు ఇంటర్‌తోనే ఆగిపోతుంది. క్యాంపస్‌ల చేరువలో మైనారిటీ బాలికలకు వసతి గృహాలు నిర్మించడం ప్రభుత్వ బాధ్యత. అందాకా, వక్ఫ్ స్థలాల్లో దుకాణాలు కట్టి అద్దెలు వసూలు చేసే మన కమిటీలు విద్యార్థినులకు ఒక్క అంతస్తు కేటాయించలేవా? వచ్చే జుమా నాడు ప్రతి మసీదులోనూ ఈ ప్రశ్న అడగవలసిందిగా పాఠకులను కోరుతున్నాం.