ఈడీ1 వేయాలా, ఈడీ2 వేయాలా? సంతకానికి ముందు ఈ లెక్క చూసుకోండి

ఇంటర్ అవగానే పిల్లల్ని అమెరికాలో డిగ్రీకి పంపాలనుకుంటున్నారా? అప్లికేషన్‌లో ‘ఎర్లీ డెసిషన్’ అనే ఆప్షన్ కనిపిస్తుంది. దాన్ని ఎంచుకుంటే, సీటు వస్తే అక్కడే చేరతామని, మిగతా అప్లికేషన్లన్నీ వెనక్కి తీసుకుంటామని మాట ఇచ్చినట్టే. విద్యార్థితో పాటు తల్లి లేదా తండ్రి, స్కూల్ కౌన్సెలర్ కూడా సంతకం చేయాలి.

రెండు విడతలకూ తేడా ఏంటి?

ఈడీ1 గడువు చాలాచోట్ల నవంబరు 1 లేదా 15. ఫలితం డిసెంబరు మధ్యలో వస్తుంది. ఈడీ2 గడువు జనవరి మొదట్లో, ఫలితం ఫిబ్రవరిలో. షరతు మాత్రం రెండింటికీ ఒకటే. ఒకసారికి ఒక్క కాలేజీకే ఈడీ వేయాలి. ఈడీ1లో సీటు రాకపోయినా, నిర్ణయం వాయిదా పడినా ఆ షరతు తొలగిపోతుంది. అప్పుడు మరో కాలేజీకి ఈడీ2 వేసుకోవచ్చు.

షికాగో, వాండర్‌బిల్ట్, ఎన్‌వైయూల్లో రెండు విడతలూ ఉన్నాయి. కార్నెల్, బ్రౌన్, డ్యూక్‌లలో ఒక్కటే. ‘ఎర్లీ యాక్షన్’ వేరు. ఎంఐటీలో ఉన్నది అదే. సీటు వచ్చినా చేరి తీరాలన్న షరతు ఉండదు.

ఎవరికి ఏది?

మొదటి ఎంపిక ఏదో తేలిపోయి, శాట్ స్కోరు, వ్యాసాలు అక్టోబరుకే సిద్ధంగా ఉంటే ఈడీ1. స్కోరు ఇంకా పెరుగుతుందన్నా, ఏ కాలేజీ అన్నది తేలకపోయినా ఈడీ2.

‘ఈడీలో సీట్లు ఎక్కువిస్తారట’ అని విని తొందరపడకండి. చాలా కాలేజీల్లో ఈడీ ప్రవేశాల శాతం ఎక్కువగా కనిపించే మాట నిజమే. కానీ ముందే ఎంపికైన క్రీడాకారులు, పూర్వ విద్యార్థుల పిల్లలు కూడా ఆ లెక్కలోనే ఉంటారు.

అసలు ప్రశ్న డబ్బు

ఏ విడతలో వేసినా మీరు వదులుకునేది ఒకటే: నాలుగు కాలేజీల స్కాలర్‌షిప్పులు పక్కపక్కన పెట్టి పోల్చుకునే అవకాశం. కాలేజీ ఇచ్చే ఆర్థిక సాయం సరిపోకపోతే ఒప్పందం నుంచి బయటపడొచ్చు. మరోచోట ఎక్కువ ఇస్తున్నారన్నది మాత్రం కారణంగా చెల్లదు.

ఇక్కడి నుంచి వెళ్లేవారికి అమెరికా ప్రభుత్వ సాయం రాదు. సాయం అడిగితే, దాన్ని కూడా చూసి సీటు ఇవ్వాలో వద్దో చాలా కాలేజీలు నిర్ణయిస్తాయి. అలాగని ముందు అడగకుండా, సీటొచ్చాక అడుగుదామనుకోవద్దు. విదేశీ విద్యార్థులకు ఆ వీలు లేని కాలేజీలు చాలానే ఉన్నాయి.

కాబట్టి నాలుగేళ్ల ఫీజు, హాస్టల్, ఏటా పెరిగే ఖర్చు, డాలర్ రేటు కలిపి లెక్క రాయండి. స్కాలర్‌షిప్ రూపాయి రాకపోయినా కట్టగలమంటే ఈడీ గురించి ఆలోచించండి. లేదంటే ముందు కాలేజీ ఆర్థిక సాయం విభాగానికి మెయిల్ పెట్టండి, విదేశీ విద్యార్థులకు ఎంత ఇస్తారో కనుక్కోండి. జవాబు స్పష్టంగా లేకపోతే రెగ్యులర్ విడతే మేలు. ఫలితాలు ఏప్రిల్ నాటికి వస్తాయి. మే 1 వరకూ ఆలోచించుకునే టైమ్ మీ చేతిలోనే ఉంటుంది.