కుంటుతున్న గుర్రం నటించదు

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని మన సామెత. మెతక అధికారుల గురించి, చనువిచ్చి చెడగొట్టిన పెద్దల గురించి ఎన్నిసార్లు వాడామో లెక్కలేదు. ఆ మాటను గుర్రం వైపు నుంచి చూసినవాళ్లు తక్కువ. మూడు కాళ్ల మీద నడిచే గుర్రానికి నాలుగో కాలు నొప్పిగా ఉండి ఉంటుంది. సామెత మాత్రం దాన్ని దొంగ వేషంగా తేల్చేసి, రౌతును గట్టిగా ఉండమంటోంది. స్వారీ లోకం చాలావరకు ఇప్పటికీ ఆ తీర్పు మీదే నడుస్తోంది. సిడ్నీ రేసుకోర్సులోనైనా, వారాంతపు స్వారీ బడిలోనైనా, హైదరాబాద్ పెళ్లి ఊరేగింపులోనైనా మొరాయించిన గుర్రానికి ముందు పొగరన్న పేరు పడుతుంది. నొప్పేమోనన్న అనుమానం వస్తే చివర్లో వస్తుంది. ఈ వరుస తలకిందులు కావాలి.

ఈ మాట వెస్ట్‌మీడ్ నుంచి రాయడానికి కారణం ఉంది. పశ్చిమ సిడ్నీలోని ఈ పేటలో, చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇక్కడి ఆసుపత్రుల్లో పనిచేసే మనవాళ్లూ తక్కువేం కాదు. 1995లో కాంపర్‌డౌన్ నుంచి ఇక్కడికి తరలివచ్చిన పిల్లల ఆసుపత్రి సంగతే తీసుకోండి. మాటలు రాని బిడ్డ నొప్పిని చూపుతో పట్టుకోవడం అలాంటి చోట రోజువారీ పని. దానికి ప్రపంచమంతా వాడే ఒక కొలమానం 1997లో అమెరికాలో తయారైంది. ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఓదారిస్తే ఊరుకుంటోందా లేదా అన్న అయిదింటికీ సున్నా నుంచి రెండు దాకా మార్కులు వేస్తారు. ఈ శ్రద్ధ మొదటినుంచీ ఉన్నది కాదు. 1980ల దాకా పురిటిబిడ్డలకు నొప్పి తెలియదన్న నమ్మకంతో నామమాత్రపు మత్తుతోనే ఆపరేషన్లు చేసేవారు. భారతదేశంలో వైద్యం చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన డాక్టర్ కన్వల్‌జీత్ సింగ్ ఆనంద్ పరిశోధనలు 1987లో వెలువడ్డాక ఆ నమ్మకం కూలింది. బలమైన నొప్పి మందు ఇచ్చిన నెలతక్కువ బిడ్డలు ఆపరేషన్‌ను మెరుగ్గా తట్టుకున్నారని ఆయన చూపించారు.

గుర్రం విషయంలో మనం ఇంకా 1980లలోనే ఉన్నాం.

గుర్రం ఏడవదు. క్రూరమృగాలకు ఆహారంగా బతికిన జాతి కనుక బాధను బయటపెట్టకపోవడమే దానికి రక్ష. అయినా ముఖం పూర్తిగా దాచలేదు. 2014లో ఐరోపా పరిశోధకులు గుర్రం ముఖంలో ఆరు నొప్పి గుర్తులను నమోదు చేశారు. చెవులు వెనక్కి బిగుసుకోవడం, కనురెప్పలు ముడుచుకోవడం, దవడ కండరాలు ఉబ్బడం, ముక్కుపుటాలు బిగదీయడం లాంటివి. 2018లో బ్రిటన్ పశువైద్యురాలు స్యూ డైసన్ బృందం మరో అడుగు వేసింది. మనిషి వీపు మీద ఉండగా గుర్రంలో కనిపించే 24 ప్రవర్తనల పట్టిక తయారుచేసింది. చెవులు అయిదు సెకన్లకు మించి వెనక్కి ఉండిపోవడం, పదేపదే తోక విసరడం, వెనక డెక్క నేలకు రాపాడటం, నోరు తెరుచుకునే ఉండటం అందులో కొన్ని. ఎనిమిదో అంతకన్నా ఎక్కువో కనిపిస్తే ఎముకల్లోనో కీళ్లలోనో కండరాల్లోనో నొప్పి ఉండే అవకాశం ఎక్కువ. నన్ను పూర్తిగా ఒప్పించింది దీని తర్వాతి సంగతి. నొప్పి పుడుతున్న చోటికి మత్తు సూది వేసి, అదే రౌతును మళ్లీ ఎక్కిస్తే ఆ లక్షణాలు బాగా తగ్గిపోయాయి. పొగరైతే మత్తు సూదికి తగ్గదు కదా.

అన్ని మొరాయింపులూ నొప్పి కాదని శిక్షకులంటారు. నిజమే. భయం ఉంటుంది, శిక్షణ లోపం ఉంటుంది. 2021 టోక్యో ఒలింపిక్స్‌లో ఆధునిక పెంటాథ్లాన్ పోటీలో సెయింట్ బాయ్ అనే గుర్రం దూకనని మొండికేసింది. ఏడుస్తున్న రౌతుకు, గట్టిగా కొట్టమని కోచ్ చెప్పడం ప్రపంచమంతా విన్నది. చివరికి పారిస్ ఒలింపిక్స్ తర్వాత ఆ క్రీడలోంచి స్వారీనే తీసేశారు. ఆ గుర్రానికి నొప్పో భయమో మనం ఇక్కడ కూర్చుని తేల్చలేం. కానీ రెండింటిలో దేనికీ కొరడా మందు కాదు. అందుకే ముందు నొప్పి లేదని తేల్చుకోవాలి, ఆ తర్వాతే శిక్షణ గురించి మాట్లాడాలి.

వెస్ట్‌మీడ్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలో రోజ్‌హిల్ గార్డెన్స్ రేసుకోర్సు ఉంది. రెండేళ్ల గుర్రాలు పరుగెత్తే గోల్డెన్ స్లిపర్ జరిగేది అక్కడే. ఆస్ట్రేలియా రేసింగ్ నిబంధనల్లో చివరి వంద మీటర్లకు ముందు కొరడా అయిదుసార్లకు మించకూడదు. ఆ వంద మీటర్లలో మాత్రం రౌతు విచక్షణకు వదిలేశారు. గుర్రం పూర్తిగా అలసిపోయేది అక్కడే! అప్పట్లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన పాల్ మెక్‌గ్రీవీ సహపరిశోధకుడితో కలిసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో కొరడా వేగం పెంచినట్టు ఆధారం దొరకలేదు. 2020లో ఆయన, లిడియా టాంగ్ తదితరులు సూక్ష్మదర్శినిలో పోల్చి చూస్తే, నొప్పిని పసిగట్టే నరాల కొసలు మనిషి పైచర్మంలో ఎంత దట్టంగా ఉన్నాయో గుర్రం పైచర్మంలోనూ దాదాపు అంతే ఉన్నాయి. మందపాటి తోలు దెబ్బ తెలియనివ్వదన్న మాట ఇంకెవరూ అనకూడదు.

కొరడా కంటికి కనిపిస్తుంది కాబట్టి దాని మీద చర్చ జరుగుతుంది. నన్ను ఎక్కువ బాధపెట్టేవి కనిపించని సంగతులు. జీను తీశాక వీపు ఎగువన తెల్ల వెంట్రుకల మచ్చలు కనిపిస్తే అవి ఎక్కువగా పుట్టు మచ్చలు కావు. సరిపడని జీను ఒత్తిడికి కుదుళ్లు దెబ్బతిని మొలిచిన వెంట్రుకలు. పొట్ట కింద తంగు బిగించేటప్పుడు చెవులు వెనక్కి వాల్చి, మెడ తిప్పి కరవబోయే గుర్రాన్ని దాని అలవాటే అంత అని నవ్వేస్తారు. గుర్రం పొట్టలో ఆమ్లం రోజంతా ఊరుతూనే ఉంటుంది. గంటల తరబడి మేత లేకుండా నిలబెడితే పుండ్లు పడతాయి, రేసు గుర్రాల్లో ఇది మామూలు జబ్బు.

అన్నింటికన్నా అన్యాయం గుర్రం ముక్కు, దవడల చుట్టూ బిగించే ముక్కుపట్టీది. దాని కింద రెండు వేళ్లు దూరాలన్నది పాత నియమం. ఐర్లండ్ పరిశోధకులు 750 పోటీ గుర్రాలను కొలిస్తే రెండు వేళ్ల సందు ఉన్నవి 7 శాతమే. 44 శాతానికి సందే లేదు. నోరు తెరవడం నొప్పి గుర్తు అయినప్పుడు, నోరు తెరవకుండా బిగించడమంటే సాక్షి నోరు కట్టడమే. 2025లో అంతర్జాతీయ అశ్వక్రీడల సమాఖ్య తన పోటీల్లో ఈ సందును పరికరంతో కొలవడం మొదలుపెట్టింది. ఎంతో ఆలస్యంగా వచ్చినా మంచి పనే. భారతదేశంలో ముళ్ల కళ్లేన్ని 1965 నిబంధనలే నిషేధించాయి. ఊరేగింపు బండ్ల, పెళ్లి గుర్రాల నోళ్లలో అవి ఇంకా దొరుకుతున్నాయంటే లోపం చట్టంలో లేదు, బ్యాండు మేళంతో పాటు గుర్రాన్నీ మాట్లాడుకునే మనలో ఉంది. కళ్లెం చూపించమని ఒక్క పెళ్లిపెద్ద అడిగినా గుర్రం యజమాని మరుసటి ఊరేగింపుకు దాన్ని మారుస్తాడు.

పిల్లలను స్వారీ నేర్చుకోవడానికి పంపే వెస్ట్‌మీడ్ అమ్మానాన్నలకూ ఇదే బలం ఉంది. ఫీజు కట్టేముందు హెల్మెట్ గురించి అడుగుతున్నాం. జీను ఈ గుర్రానికి సరిపోతోందని చివరిసారి ఎవరు, ఎప్పుడు చూశారో కూడా అడగాలి. సొంత గుర్రం కుంటుతోందని రోజూ ఎక్కేవాళ్లే గుర్తించలేకపోతున్నారు. యజమానులు బాగానే ఉందనుకుంటున్న 506 క్రీడా గుర్రాలను డైసన్ బృందం పరీక్షిస్తే దాదాపు సగానికి నడకలో తేడా ఉంది. కాబట్టి స్వారీ బడి మాట ఒక్కటే చాలదు. పాఠం మొదలవకముందు తంగు బిగించే రెండు నిమిషాలు అక్కడే నిలబడి, చెవులు, కన్ను, తోక ఏమంటున్నాయో పిల్లాడికి చూపించండి. గుర్రం వద్దంటోందనిపిస్తే ఆ పూట పాఠం మానేయండి. ఫీజు తిరిగి రాకపోయినా సరే, ఎందుకు మానేశారో బడివాళ్లకు చెప్పి రండి.