మీ ఆరోగ్యం: విమానంలో పదిహేడు గంటలు

ప్రశ్న: నా వయసు 61. పదేళ్లుగా షుగరుకు ఇన్సులిన్ వేసుకుంటున్నాను. అమ్మాయి పురిటికి శాన్ ఫ్రాన్సిస్కో రమ్మంటోంది. బస్సులో తిరుపతి వెళ్లి వచ్చినా నా పాదాలు పొంగుతాయి. అంతదూరం వెళ్లవచ్చునా?
- ఒక పాఠకురాలు, పుంగనూరు

జవాబు: వెళ్లవచ్చును. కాని ముందు ప్రయాణం ఎంతసేపో సరిగా లెక్క కట్టుకోండి. బెంగళూరు, శాన్ ఫ్రాన్సిస్కోల మధ్య సూటిదూరం సుమారు 14,000 కిలోమీటర్లు. 2021 జనవరిలో ఉత్తర ధ్రువం మీదుగా ఆగకుండా వచ్చిన ఎయిరిండియా విమానానికే దాదాపు 17 గంటలు పట్టింది. మధ్యలో విమానం మారితే ఇంకా ఎక్కువ. పుంగనూరైనా, మదనపల్లె అయినా, కుప్పమైనా దేవనహళ్లి విమానాశ్రయం చేరడానికి మూడు గంటలు, అక్కడ కాచుకోవడానికి మరో మూడు గంటలు వేసుకోండి. మొత్తం 23 గంటలు!

టికెట్టు చూసి మోసపోకండి. అందులో వేసేవి ఆయా ఊళ్ల గడియారం వేళలు. చలికాలంలో కాలిఫోర్నియా మనకంటే పదమూడున్నర గంటలు వెనుక. ఇక్కడ మధ్యాహ్నం 2 గంటలకు బయల్దేరితే, అక్కడ అదేరోజు సాయంత్రం 5-30కి దిగినట్టుంటుంది. మూడున్నర గంటలే గదా అని ఇన్సులిన్ లెక్క వేసుకుంటే ప్రమాదం. ఏ మోతాదు ఎప్పుడో మీ డాక్టరుచేత కాగితం మీద వ్రాయించుకోండి. సొంతంగా మార్చవద్దు. ఇన్సులిన్, డాక్టరు చీటీ, గ్లూకోజు, బిస్కెట్లు చేతిసంచిలోనే ఉండాలి. సామాన్ల పెట్టెలో పెడితే ఇన్సులిన్ గడ్డకట్టి చెడవచ్చు.

ఇక కాళ్ల సంగతి. ఎక్కువసేపు కూర్చుంటే ఎవరికైనా పాదాలు కొంత పొంగుతాయి. కాని షుగరు ఉన్నవారికి వాపు మూత్రపిండాల జబ్బు వల్లనో, గుండె జబ్బు వల్లనో కావచ్చు. మదనపల్లెలోనో, కుప్పం మెడికల్ కాలేజీ ఆసుపత్రిలోనో మూత్రం, రక్తం, బి.పి., గుండె పరీక్షలు చేయించుకొని టికెట్టు కొనండి. విమానం లోపలి గాలి ఆరేడువేల అడుగుల కొండమీది గాలి వంటిది. మన హార్సిలీ హిల్స్ నాలుగువేల అడుగుల పైచిలుకే! రక్తం బాగా తక్కువగా ఉన్నవారికి, ఈమధ్యే గుండెపోటు వచ్చినవారికి ఇది కష్టం.

కదలక కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టవచ్చు. అందుకని గంటకొకసారి లేచి నడవండి. కూర్చున్నచోటే మడమలు, వేళ్లు మార్చి మార్చి ఎత్తండి. మంచినీళ్లు తాగుతూ ఉండండి. నిద్రమాత్రలు వద్దు. బిగుతు మేజోళ్లు, ఆస్పిరిన్ మాత్రం డాక్టరును అడిగే వాడాలి. నాలుగు గంటలు దాటిన ఏ ప్రయాణానికైనా, కువైట్ విమానమైనా, రాత్రి బస్సయినా ఇవే జాగ్రత్తలు.

రెండు పాదాలూ సమంగా వాచి, ఒకటి రెండు రోజుల్లో తగ్గితే భయం లేదు. ఒక కాలే వాచి పిక్క నొప్పి పుట్టినా, ఆయాసమో ఛాతీ నొప్పో వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. దిగిన తర్వాత కొన్ని వారాల వరకు ఈ ప్రమాదం ఉంటుంది. పురిటింటి పనిలో పడి అశ్రద్ధ చేయకండి.