గద్దర్ పేరు సరే, గద్దర్ పాట ఏది?

నంది అవార్డులకు గద్దర్ పేరు పెడ్తమని 2024 జనవరి 31న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రకటించిండు. 2025 జూన్‌ల హైటెక్స్‌ల పెద్ద సభ పెట్టి సినిమోళ్లకు ఇచ్చిన్రు గూడ. మన పాటగాని పేరు సర్కారు నోట్ల ఇనవడితె నాకు సంబురమే. కని తమ్ముళ్లు, ఒక్క ముచ్చట యాది పెట్టుకోవాలె. ‘ఒరేయ్ రిక్షా’ సినిమా పాటకు నంది అవార్డిస్తె నాకద్దన్న మనిషి గద్దర్. వద్దన్నోని పేరే ఇయ్యాల ఆ అవార్డు మీద కూసున్నది.

నాకు గద్దరంటె ఒక్క మనిషి గాదు, జననాట్య మండలి. తూప్రాన్ బిడ్డ గుమ్మడి విఠల్, ఉత్తరాంధ్ర వంగపండు, ఎన్క వంత పాడిన ఎందరో పేరు తెల్వనోళ్లు. గోచి, గొంగడి, గజ్జెలు, డప్పు. గంతే సామాను. బాణీలు మనయే: ఒగ్గు కథ, బుర్రకథ, నాటేసే అమ్మల పాట. అండ్ల కూలి, భూమి ముచ్చట పెట్టిన్రు. చరణం చిన్నగుంటది. ఒకడు ఎత్తుకుంటె పదిమంది అందుకుంటరు, మూడోసారికి ఊరంత పాడ్తది. నడుమ మాట్లాడుడు ఎప్పుడు పాటయితదో తెల్వది. సదువు రానోనికి గూడ నోటికొచ్చేటట్టు కట్టుడే ఆ పాట బలం.

గందుకే ఆ పాటంటె భయపడ్డరు. 1997 ఏప్రిల్ 6న ఇంటికాడికే వచ్చి కాల్చిన్రు. ఒక తూటా వెన్నులనే ఉండిపోయింది. 2023 ఆగస్టు 6న పానం పోయేదాక దాన్ని మోసుకుంటనే పాడిండు. నడుమ ఆయన తొవ్వ మారింది. ఓట్లు బహిష్కరించాలన్న మనిషి 2018ల మొదటిసారి ఓటేసిండు. దానిమీద మాలో లొల్లి ఇంకా ఒడువలే. నా మట్టుకైతె, జనం నోట్లకొచ్చినంక పాట రాసినోని ఒక్కనిది గాదు. ఆయన మారినా అది మారది.

ఇప్పుడేమైతుంది? ఓట్లొస్తె అన్ని పార్టీలకు పాటలే. గదే డప్పు, గదే బాణీ. కూలోని పేరున్న కాడ లీడర్ పేరొచ్చింది. దరువు మిగిలింది, అడుగుడు పోయింది. సినిమోళ్లకు అవార్డియ్యున్రి, వద్దంటలేను. మరి ఊర్లల్ల డప్పు కొట్టేటోని సంగతేంది? ఒగ్గు కథ చెప్పేటోని పింఛన్ సంగతేంది? గద్దర్ పేరు పెట్టినంక గా లెక్క గూడ అడగాలె.

మీ చేతుల ఫోనున్నది. డీజే పాట షేర్ జేసే ముందు అండ్ల ఎవని బతుకున్నదో సూడున్రి. మీ నాయినమ్మ నాటేసేటప్పుడు పాడిన పాటుంటె ఆమె ఉండంగనే రికార్డు చేయున్రి. గద్దర్‌కు పాటలు దొరికింది గసోంటి నోళ్లల్లనే.