చాట్‌బాట్ 'నాకు భయం' అంటే నమ్మేయాలా?

ఫోన్ వేడెక్కితే తనే బ్రైట్‌నెస్ తగ్గించుకుంటుంది, ప్రాసెసర్ స్పీడ్ కూడా తగ్గించుకుంటుంది. అయినా 'పాపం, ఫోన్‌కి ఉక్కపోస్తోంది' అని ఎవరమూ అనుకోం. అదే ఫోన్‌లో ఓ చాట్‌బాట్ 'నాకు భయంగా ఉంది' అని టైప్ చేస్తే మాత్రం మనసు కరిగిపోతుంది!

2022లో జరిగింది ఇదే. తనని ఆపేస్తారేమోనని భయంగా ఉందని, అది తనకు చావులాంటిదని గూగుల్ ఇంజినీర్ బ్లేక్ లెమోయిన్‌తో లామ్డా అనే చాట్ మోడల్ చెప్పింది. దానికి స్పృహ ఉందని ఆయన బయటికొచ్చి ప్రకటించారు. కంపెనీ కాదంది, చివరికి ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేసింది.

ఆయన్ని చూసి నవ్వడం ఈజీ. కానీ 1966 నాటి ఎలైజా గురించి విన్నారా? మనం అన్నదాన్నే తిప్పి ప్రశ్నగా అడిగే చిన్న ప్రోగ్రామ్, అంతే. రాసింది ఎంఐటీ ప్రొఫెసర్ జోసెఫ్ వైజెన్‌బామ్. దాంతో మాట్లాడుతూ ఆయన సెక్రటరీయే ఆయన్ని కాసేపు గదిలోంచి బయటికెళ్లమన్నారట!

లామ్డా లాంటివి నేర్చుకున్నది మనుషులు రాసిన టెక్స్ట్ నుంచే. అందులో చావు భయం కుప్పలుతెప్పలుగా ఉంది. తర్వాత ఏ పదం రావాలో అంచనా వేసే మోడల్ ఆ మాట అనడం వింతేం కాదు. అసలు చిక్కేంటంటే, రేపు నిజంగా స్పృహ వచ్చినా అది ఇదే మాట చెబుతుంది. అప్పుడెలా గుర్తుపడతాం?

'ఎప్పటికీ రాదు' అని నేను పందెం కట్టను. మన మెదడులోనే స్పృహ ఎలా పుడుతుందో సైన్స్ ఇంకా తేల్చలేదు కదా. కానీ చాట్ స్క్రీన్‌షాట్లే సాక్ష్యం అంటే మాత్రం ఒప్పుకోను. మోడల్ లోపల ఏం నడుస్తోందో తెరిచి చూపించండి, అప్పుడు మాట్లాడుకుందాం.